చింతకుంటలో ఆ అర్ధరాత్రి

2024 మార్చి 6వ తేదీ రాత్రి. బస్తర్ సీమకు దక్షిణపు అంచున, తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న బీజాపూర్ జిల్లాలో, ఆవాపల్లి సమీపాన గల చింతకుంట గ్రామం గాఢనిద్రలో ఉంది. ఊరి పేరును తెలుగువారికి విడమరచి చెప్పనక్కరలేదు. గోదావరికి ఆవల కూడా మన చింతచెట్లూ, మన కుంటలూ చాలా దూరమే సాగిపోయాయి. అక్కడి బాలికల ఆశ్రమ పాఠశాలలో ఆ రాత్రి మూడు వందలమందికి పైగా ఆడపిల్లలు నిద్రిస్తున్నారు. వారిలో ఒకరి చెంత నాలుగేళ్ల పసిపిల్ల కూడా ఉంది. ఆమె ఆ బడి విద్యార్థిని కాదు. అక్క దగ్గర ఉండడానికి వచ్చింది.

రాత్రి ఒంటిగంట ప్రాంతంలో మంటలు లేచాయి. సిబ్బంది, గ్రామస్థులు కలిసి పిల్లలను బయటికి తరలించారు. అంతమంది పిల్లలు చీకటిలో ప్రాణాలతో బయటపడడం సామాన్యమైన విషయం కాదు. ఆ రాత్రి మేలుకొని పరుగెత్తిన వారందరికీ ఆ ఘనత దక్కాలి. కాని నాలుగేళ్ల పిల్ల లోపలే ఉండిపోయింది.

ప్రమాదానికి కారణం విద్యుత్ షార్ట్ సర్క్యూట్ కావచ్చునని మొదట అనుమానించారు. నిప్పురవ్వ ఎక్కడ పుట్టినా, అది అంత వేగంగా ఎలా పాకిందో తెలుసుకోవడానికి మాత్రం ఆ కట్టడం చరిత్రను కొంత తిరగవేయాలి. 2005 తరువాతి సంవత్సరాలలో దక్షిణ బస్తర్‌లో సాగిన హింసాకాండలో అనేక పాఠశాల భవనాలు కూలిపోయాయి. భద్రతా దళాలు వాటిలో బస చేస్తాయన్న కారణంతో మావోయిస్టులు వాటిని పేల్చివేసేవారు. పల్లె బడులు మూతపడ్డాయి. అప్పుడు అధికారులు ఒక ఉపాయం ఆలోచించారు. వెదురు, ప్లైవుడ్ పలకలతో, కొన్ని నెలలలోనే నిలబెట్టగల పెద్ద వసతి పాఠశాలలు కట్టించారు. ‘పోర్టా క్యాబిన్’ అన్న పేరు అలా బస్తర్ పిల్లల నాలుకపై నిలిచింది. ఒక్కొక్కదానిలో 500 మంది వరకూ చదువుకొనే ఏర్పాటు. అడవి పల్లెల పిల్లలు ఎందరో అక్షరాలు దిద్దింది ఈ వెదురు గోడల మధ్యనే. వాటిని తేలికగా తీసిపారేయడం అన్యాయం. ఐతే మందుపాతరకు వెరచి కట్టిన ఇల్లు అగ్గిపుల్లకు లోకువైపోయింది. వెదురు కణుపుల మధ్య చిక్కిన గాలి వేడికి వ్యాకోచించి, బొంగు పెటిల్లున పగులుతుంది. అడవిలో కార్చిచ్చు చూసినవారెవరికైనా ఆ చప్పుడు పరిచితమే.

వసతి గృహాలలో అగ్ని ప్రమాదాల కథ బస్తర్‌కే పరిమితం కాదు. 2000 జనవరి 19 తెల్లవారుజామున అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, సీటన్ హాల్ విశ్వవిద్యాలయపు విద్యార్థి నివాసంలో మూడవ అంతస్తు హాలులోని సోఫా అంటుకుంది. ముగ్గురు విద్యార్థులు మరణించారు. యాభైమందికి పైగా గాయపడ్డారు. విచారించగా, తోటి విద్యార్థులిద్దరు ఆకతాయితనంగా పెట్టిన నిప్పు అది అని తేలింది. అంతకన్న విచారకరమైనది మరొకటుంది. అపాయ సూచక గంట సక్రమంగానే మోగింది. కాని అంతకు ముందరి నెలలలో అది పద్దెనిమిది సార్లు వృథాగా మోగి ఉండడంవల్ల, ‘మళ్లీ అదే గోల’ అనుకొని కొందరు పక్క మీది నుంచి లేవనే లేదు. నాన్నా పులి కథ మనకు తెలియనిది కాదు గదా! ఆ సంవత్సరమే న్యూజెర్సీ రాష్ట్రం విద్యార్థి నివాసాలన్నింటా నీళ్లు చిమ్మే యంత్రాలు అమర్చాలని శాసనం చేసింది.

మన దేశంలోనూ శాసనాలకు కొదవ లేదు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో తాటాకు కప్పుకు అంటిన నిప్పు 94 మంది బడిపిల్లలను బలిగొన్న తరువాత, 2009 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు పాఠశాలలలో అగ్నిమాపక సాధనాలు తప్పనిసరి అని ఆదేశించింది. ఆదేశం వెలువడిన పదిహేనేళ్లకు చింతకుంట తగలబడింది.

పోర్టా క్యాబిన్లలో పెరిగిన పిల్లలే తరువాత జగదల్‌పూర్‌లోని విశ్వవిద్యాలయానికో, వైద్య కళాశాలకో, జిల్లా కేంద్రాలలోని డిగ్రీ కళాశాలలకో వచ్చి కాంక్రీటు హాస్టళ్లలో చేరుతారు. ఇక్కడ గోడలు కాలవు. కాని గదిలోని వస్తువులు కాలుతాయి. ఇద్దరికని కట్టిన గదిలో నలుగురు. ఉన్న ఒక్క ప్లగ్గు నుంచి తీగ లాగి, దానికి మరో తీగ తగిలించి, దాని మీదనే నీళ్లు కాచే హీటరు కడ్డీ, టీ కెటిలు, నాలుగు ఫోన్లు. సన్నని తీగ అంత భారం మోయలేక లోలోపల వేడెక్కుతుంది. దానిపై పరుపు పడి ఉంటే ఆ వేడికి దారి ఉండదు. బకెట్టులో కడ్డీ వేసి తరగతికి వెళ్లిపోయే విద్యార్థి, నీరంతా ఆవిరై పోయాక ప్లాస్టిక్ బకెట్టు ఏమవుతుందో ఆలోచించడు. బస్తర్‌లో దోమతెర లేని మంచం ఉండరాదు. మలేరియా ఆ సీమకు పాత శత్రువు. కాని ఆ తెర నూలుది కాదు, కృత్రిమ దారంతో అల్లినది. నిప్పు తగిలితే కరిగి, బొట్లు బొట్లుగా కింద ఉన్న మనిషి మీదనే రాలుతుంది. కనుక దోమల చుట్టను మంచం కింద వెలిగించడం, కొవ్వొత్తిని తెర పక్కన నిలబెట్టి చదువుకోవడం, ఫోనును దిండు కింద పెట్టి ఛార్జి చేయడం, మూడూ మానదగినవే.

మంటకన్న ముందు మనిషిని చేరేది పొగ. 2023 మార్చి 16న సికింద్రాబాదు స్వప్నలోక్ భవన సముదాయంలో మరణించిన ఆరుగురు యువతీయువకులు ఊపిరాడకనే చనిపోయారు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణవాయువుకన్న రెండు వందల రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని పట్టుకుంటుంది; దానికి రంగు లేదు, వాసన లేదు; నిద్రలో ఉన్నవానిని నిద్రలోనే ఉంచుతుంది. గది తలుపు వేసి పడుకొంటే వరండాలోని పొగ కొన్ని విలువైన నిమిషాలపాటు ఆగుతుంది. మెలకువ వచ్చాక తలుపును అరచేతితో కాక, చేతి వెనుక భాగంతో తాకి చూడాలి. కాలుతూ ఉంటే తెరవకూడదు. తడిగుడ్డలు తలుపు కింద కుక్కి, కిటికీ దగ్గర నిలబడి కేకలు వేయాలి. చల్లగా ఉంటే నేలకు దగ్గరగా వంగి, పాకుతూ మెట్ల వైపు వెళ్లాలి; మంచి గాలి చివరివరకూ మిగిలేది నేల దగ్గరనే. లిఫ్టు జోలికి పోరాదు. విద్యుత్ తీగ కాలుతూ ఉంటే మెయిన్ ఆపనిదే నీళ్లు చల్లరాదు. బయటికి వచ్చిన మరుక్షణం 101కి గాని, 112కి గాని ఫోను చేయాలి. ఫోను కోసం, సర్టిఫికెట్ల కోసం తిరిగి లోపలికి వెళ్లరాదు.

ఇవన్నీ మెట్లు తెరచి ఉన్నప్పటి మాటలు. ఆడపిల్లల హాస్టళ్లలో రాత్రి పది కాగానే ఇనుప గేటుకు తాళం పడుతుంది. కిటికీలకు కదలని ఊచలు. తాళంచెవి వార్డెనమ్మ తలగడ కింద. తల్లిదండ్రులు కోరేదీ అదే, వారి భయం అబద్ధమూ కాదు. బయటివారు తీయలేని, లోపలివారు తాళంచెవి లేకుండా తీయగల గడియలు ఉన్నాయి. అవి గేటుకు పెట్టే పెద్ద తాళంకన్న కొంచెం ఖరీదు, అంతే. ఏడాదికి రెండుసార్లైనా, పగలు కాదు, రాత్రి రెండు గంటలకు గంట కొట్టి అందరినీ మైదానంలోకి రప్పించి చూస్తే, ఏ తలుపు బిగుసుకుందో, ఏ మెట్ల కింద విరిగిన మంచాలు పేర్చారో తెలిసిపోతుంది.

మైదానంలో చేరినవారి పేర్లు పిలవాలి. హాజరుపట్టీలో ఉన్నవారి పేర్లే కాదు; ఊరి నుంచి పరీక్ష రాయడానికి వచ్చి స్నేహితుని గదిలో పడుకున్నవాడు, సెలవులకు అక్క దగ్గరికి వచ్చిన చెల్లెలు, ఒక్క రాత్రికి ఆగిన తల్లి. పట్టీలో లేని పేరును పిలవడం ఎవరికి సాధ్యం? సాయంత్రం గేటు మూసేముందు వార్డెన్ ఒక పలక మీద సుద్దముక్కతో ఆ రాత్రి అతిథుల పేర్లూ, గది సంఖ్యలూ రాసి, పలకను గేటు బయటి వైపున వేలాడదీయవచ్చు. లోపల వేలాడదీస్తే అదీ కాలిపోతుంది.