ఆ టైరు ఇంకా పనికొస్తుందా?

కూలీల ఆటో, మిర్చి ట్రాక్టరు రోడ్డెక్కే ముందు చూడాల్సినవివే

సత్తెనపల్లి: మిరప కోతలు మొదలయ్యాయంటే పల్నాడు పల్లెల్లో తెల్లవారకముందే ఆటోలు కదులుతాయి. స్థానికులతో పాటు కర్నూలు ప్రాంతం నుంచి వలస వచ్చిన కూలీలు వాటిలోనే పొలాలకు చేరుకుంటారు. ఎండిన పంట టిక్కీలకెక్కి ట్రాక్టర్లు, లారీలపై గుంటూరు యార్డుకు తరలుతుంది. ఈ భారమంతా మోసేది టైర్లే. కొత్తవి కొనాలంటే ఖర్చుతో కూడిన పని. 'ఈ సీజను గడిస్తే చాలు' అంటూ అరిగిన వాటితోనే నెట్టుకొచ్చే వారూ ఉన్నారు. ఏ టైరును ఇంకా వాడుకోవచ్చో, దేన్ని వెంటనే తీసేయాలో తెలుసుకునేందుకు ప్రత్యేక పరికరాలేమీ అక్కర్లేదు.

గాడి చెప్పే లెక్క

టైరుపై గాడులు ఉండేది అందానికి కాదు. వానలో రోడ్డుపై నీటిని పక్కకు నెట్టి, రబ్బరు నేలను పట్టుకునేలా చేయడమే వాటి పని. గాడుల అడుగున అక్కడక్కడా చిన్న దిమ్మెలు కనిపిస్తాయి. టైరు అంచున 'టీడబ్ల్యూఐ' అక్షరాలు లేదా త్రికోణం గుర్తు ఉన్నచోట వాటిని వెతకాలి. పైభాగం అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే టైరు ఆయుష్షు తీరినట్లే. కేంద్ర మోటారు వాహన నిబంధనలు, 1989 ప్రకారం గాడి లోతు ద్విచక్ర వాహనాలు, ఆటోలకు 0.8 మిల్లీమీటర్లు, ఇతర వాహనాలకు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గరాదు. నున్నబడిన టైరుకు మళ్లీ గాడులు కోయించడం మరింత ప్రమాదం. మిగిలిన పలుచని రబ్బరు కూడా పోయి లోపలి దారాలు బలహీనపడతాయి.

అరుగుదల తీరునూ గమనించాలి. రెండు అంచులే అరిగితే గాలి తక్కువగా, మధ్యభాగమే అరిగితే ఎక్కువగా ఉంచుతున్నట్లు. ఒక పక్కే అరిగితే చక్రాల అమరికలో లోపం ఉన్నట్లు. దాన్ని సరిచేయకుండా కొత్త టైరు వేసినా అదే గతి పడుతుంది.

ఉబ్బితే ఉపేక్షించొద్దు

పక్క భాగంలో బుడగలా ఉబ్బు కనిపిస్తే లోపలి దారాలు తెగినట్లే. గాడులు ఎంత లోతుగా ఉన్నా ఆ టైరుకు మరమ్మతు లేదు. దారాలు లేదా తీగలు బయటపడినా, పక్క భాగం కోసుకుపోయినా తీసేయాల్సిందే. నేలను తాకే భాగంలో మేకు దిగిన చిన్న రంధ్రాన్ని మాత్రం పూడ్పించి వాడుకోవచ్చు. తెగినచోట లోపల గేటరు వేయించి కూలీలను ఎక్కించుకోవడం ప్రాణాలతో చెలగాటమే. ఆటోకు ముందున్నది ఒకే చక్రం. అది పగిలితే బండి అదుపు తప్పుతుంది.

వయసూ ముఖ్యమే

తక్కువగా తిరిగిన ట్రక్కు టైర్లు, స్టెప్నీలు చూడటానికి కొత్తగానే ఉంటాయి. ఎండకు, కాలానికి రబ్బరు గట్టిపడి సన్నని పగుళ్లు ఇస్తుంది. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెలు తయారీ కాలాన్ని తెలుపుతాయి. 1822 అని ఉంటే 2022వ సంవత్సరం 18వ వారంలో తయారైందని అర్థం. ఐదేళ్లు దాటిన వాటిని ఏటా పరీక్షించుకోవాలి. పదేళ్లు దాటితే గాడులున్నా మార్చడమే క్షేమం. పాత టైర్లు కొనేవారు ముందుగా చూడాల్సింది ఈ అంకెలనే.

ఎండాకాలం గాలి తగ్గించొద్దు

వేసవిలో పేలుతుందన్న భయంతో కొందరు గాలి తగ్గిస్తారు. ఇది పొరపాటు. గాలి తగ్గితే టైరు ఎక్కువగా నలిగి మరింత వేడెక్కుతుంది. దానికి అధిక భారం, వేగం తోడైతే పొరలు విడిపోయి పగులుతుంది. రెంటచింతల ఎండలు తెలిసిన ఈ ప్రాంతంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి కొలిపించి, తయారీదారు సూచించిన మేరకు నింపాలి.

బయలుదేరే ముందు చక్రాల చుట్టూ ఒకసారి తిరిగి గాడి, ఉబ్బు, పగుళ్లు, గాలి చూసుకునేందుకు రెండు నిమిషాలు చాలు. టైరు ధర ఒక సీజనులో తిరిగి వస్తుంది. ఆటోలో వెళ్లిన మనిషి తిరిగి ఇంటికి చేరడమే ముఖ్యం.