దిగాల్సిన టైముకే దిగుతుంది

రాత్రి పార్టీ జరిగిన ఇంట్లో తెల్లారితే సలహాలకు కొదవ ఉండదు. ఒకరు నిమ్మకాయ పిండుకుని తాగమంటారు. ఒకరు చిక్కటి కాఫీ చేతికిస్తారు. నెత్తిన చన్నీళ్లు కుమ్మరించమని ఇంకొకరు. రాత్రి పక్కన కూర్చున్న స్నేహితుడైతే ఫోన్ చేసి మరీ, ‘‘ఇంకో పెగ్గేయ్ రా, దిగిపోద్ది’’ అంటాడు. అందరిదీ మంచి మనసే. కాలేయం మాత్రం వీళ్లెవరి మాటా వినదు.

ఎందుకు వినదో లెక్క చూస్తే తెలుస్తుంది. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీ సీసాల మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. అంటే 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉన్నట్టు. ఆరోగ్యవంతుడి కాలేయం గంటకు అటూఇటూగా 7 నుంచి 10 గ్రాములు మాత్రమే విరగ్గొట్టగలదు. క్వార్టర్ వదలడానికే 6 నుంచి 8 గంటల పైన పడుతుంది. 375 మిల్లీలీటర్ల హాఫ్ ఒక్కడే లాగిస్తే 125 గ్రాములు దాటుతుంది. రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టినవాడి రక్తంలో మర్నాడు మధ్యాహ్న భోజనాల వేళకూ మందు తిరుగుతుండవచ్చు.

కాబట్టి హాఫ్ కొట్టి పొద్దున్నే చలాకీగా లేచి ‘నాకసలు హ్యాంగోవరే రాదు’ అనేవాళ్లను అంత తొందరగా నమ్మనక్కర్లేదు. రక్తంలో ఆల్కహాల్ సున్నాకు దగ్గరపడ్డప్పుడే హ్యాంగోవర్ ముదురుతుంది. చాలాసార్లు అతగాడికి ఇంకా ఆ ఘడియ రాలేదంతే.

తల పగిలిపోవడానికి కారణం ఒక్కటి కాదు. ఆల్కహాల్‌ను కాలేయం ముందుగా ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారుస్తుంది, ఆ తర్వాతే దాన్ని నిరపాయకరం చేస్తుంది. ఒంట్లో నీటిని పట్టి ఉంచే వాసోప్రెసిన్ హార్మోన్‌ను మందు అణిచేస్తుంది కాబట్టి రాత్రంతా మూత్రానికి లేవడం, పొద్దున నోరు పిడచకట్టుకుపోవడం. కడుపు లోపలి పొర రేగి తిప్పుతుంది. నిద్రా అంతే. పడుకోగానే మొద్దునిద్ర పట్టినా, తెల్లవారుజాముకల్లా ముక్కలుముక్కలవుతుంది. ఎనిమిది గంటలు పడుకున్నా నిద్ర చాలనట్టే ఉంటుంది.

మందు రంగుకూ ఇందులో కొంత పాత్ర ఉంది. పులియబెట్టేటప్పుడు, పీపాల్లో మగ్గేటప్పుడు చేరే మిథనాల్ వంటి ఉపపదార్థాలు విస్కీ, బ్రాందీల్లో ఎక్కువ, వోడ్కాలో తక్కువ. అమెరికాలో 2010లో వెలువడిన ఒక ప్రయోగంలో బూర్బన్ విస్కీ తాగినవాళ్లు వోడ్కా తాగినవాళ్ల కంటే మర్నాడు ఎక్కువ అవస్థపడ్డారు. అయితే ఏకాగ్రతను పరీక్షిస్తే రెండు జట్లూ ఒకేలా తడబడ్డాయి. వోడ్కా అభిమానులు ఈ రెండో సంగతి చెప్పరు.

‘ఇంకో పెగ్గు’ సిద్ధాంతం పూర్తిగా అబద్ధం కాదు, అదే దాంతో చిక్కు. కొత్త మందు లోపలికి వెళ్తే కాలేయం దాని పనిలో పడి మిథనాల్ జోలికి పోదు, కాసేపు హాయిగానే ఉంటుంది. బాకీ సాయంత్రానికి వాయిదా పడుతుంది. పొద్దున్నే పెగ్గు లేకపోతే చేయి నిలవని స్థితికి చాలామంది చేరింది ఈ దారిలోనే.

మరి దేంతో తగ్గుతుంది? లండన్‌లోని కింగ్స్ కాలేజీ పరిశోధకులు 2022లో 21 ప్రయోగాలను జల్లెడపట్టారు. లవంగాల సారం, ఎర్ర జిన్‌సెంగ్, కొరియా పియర్ రసం, అన్నీ చూశారు. గట్టి రుజువు ఒక్కదానికీ దొరకలేదు.

మన మజ్జిగకు మాత్రం హ్యాంగోవర్‌కు మంచిదన్న పేరు ఊరికే రాలేదు. అది మత్తును దించదు, పోయిన నీటిని తెచ్చిపెడుతుంది. పల్చగా చిలికి ఉప్పేసిన మజ్జిగ రేగిన కడుపుకు బరువు కాదు. నిమ్మకాయ నీళ్లలో కూడా అసలు పని చేసేది పులుపు కాదు, అందులోని నీరు, ఉప్పు, చక్కెర. వాంతులవుతుంటే మందుల షాపులో దొరికే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఇంకా మేలు. అది లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ చిన్న టీ చెంచాతోనే తలగొట్టి కొలవాలి. గ్లాసు ఎత్తి గటగటా తాగితే మళ్లీ బయటికొస్తుంది, గుక్కగుక్కగా తాగాలి. నాలుక కాస్త ఒప్పుకోగానే ఇడ్లీయో, పల్చటి జావో, చారన్నమో. రాత్రి మిగిలిన చికెన్ ఫ్రై కాదు. హైదరాబాద్‌లో కొందరు పొద్దున్నే పాయా కోసం పరిగెడతారు. వేడివేడి ఉప్పు రసం దాహానికి పనికొస్తుంది కానీ, పైన తేలే నూనెను కడుపు భరించాలి. ఆ తర్వాత మళ్లీ పడుకోవడం.

కాఫీ కళ్లు తెరిపిస్తుందే గానీ రక్తంలో ఆల్కహాల్‌ను చుక్క కూడా తగ్గించదు. చన్నీళ్లూ అంతే.

మాత్రల దగ్గర జాగ్రత్త అవసరం. తలనొప్పికి చేయి ముందుగా పారాసిటమాల్ మీదికే వెళ్తుంది. అందులో కొంత భాగం కాలేయంలో విషంగా మారుతుంది. దాన్ని విరిచే గ్లూటాథయోన్ రోజూ తాగేవాళ్లలో తరిగిపోయి ఉంటుంది. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ ఇప్పటికే మండుతున్న కడుపును ఇంకా కెలుకుతాయి. నీళ్లు, నిద్రతో గడిచిపోయే నొప్పికి మాత్ర మింగకపోవడమే మేలు.

కొన్ని లక్షణాలను హ్యాంగోవర్ ఖాతాలో వేయకూడదు. లేపినా లేవకపోవడం, ఊపిరి మందగించడం, మూర్ఛలు, రక్తపు వాంతి కనిపిస్తే 108కి ఫోన్ చేయాలి. ఈలోగా మనిషిని వెల్లకిలా ఉంచకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. చూపు మసకబారితే అది కల్తీ సారాలోని మిథనాల్ కావచ్చు, ఒక్కోసారి తాగిన ఎన్నో గంటలకు బయటపడుతుంది. షుగర్‌కు ఇన్సులిన్ వాడేవాళ్లు తాగి, తినకుండా పడుకుంటే చక్కెర పడిపోతుంది. ఆ తూలడాన్ని ఇంట్లోవాళ్లు మత్తనుకుని వదిలేస్తారు. రోజూ తాగేవాడు మానేసిన రోజు వణుకు, చెమటలు, లేనివి కనబడటం వేరే జబ్బు. 2020 లాక్‌డౌన్‌లో మద్యం, కల్లు దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వరసకట్టినవాళ్లది ఇదే బాధ. దానికి మజ్జిగ చాలదు, డాక్టర్ కావాలి.

ఇక బండి తాళాలు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరమే, అది రాత్రయినా మర్నాటి పొద్దయినా. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. పళ్లు తోముకుని సోంపు నమిలితే నోటి వాసన కాస్త తగ్గొచ్చు. పోలీసుల యంత్రం కొలిచేది ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలిని.