చిన్న గదిలో సబ్‌వూఫర్: మోత ఎక్కడిది, మాట ఎందుకు వినపడదు?

సూరత్‌లో తెలుగువారు ఎక్కువగా నివసించే ప్రాంతాల్లో లింబాయత్ ఒకటి. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడ ఏళ్ల తరబడి స్థిరపడ్డాయి. ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్లు, చిన్న చిన్న గదులు. అలాంటి గదిలో హోమ్ థియేటర్ పెడితే రెండు ఇబ్బందులు రావచ్చు. సినిమాలో మాటలు అర్థం కావని ఇంట్లోవారు అంటారు. గోడ అదురుతోందని పక్కింటివారు అంటారు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకునే కార్మికుడికి ఇది నిద్ర చెడిపోయే వ్యవహారం. ఈ రెండింటికీ చాలాసార్లు కారణం ఒక్కటే: సబ్‌వూఫర్‌ను పెట్టిన చోటు, దాని అమరిక.

గది కంటే పొడవైన అలలు

సబ్‌వూఫర్ పలికించేది సుమారు 20 నుంచి 120 హెర్ట్జ్ వరకు ఉండే మంద్ర ధ్వనులను. గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 345 మీటర్లు ప్రయాణిస్తుంది. ఈ వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. 40 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు 8.6 మీటర్లు. అంటే 12 అడుగుల గదికి రెట్టింపు కంటే ఎక్కువ.

ఇలాంటి అల ఎదురెదురు గోడలకు తగిలి వెనక్కి వచ్చి తనతో తానే కలుస్తుంది. 12 అడుగుల గదిలో సుమారు 47 హెర్ట్జ్ దగ్గర ‘స్థిర తరంగం’ ఏర్పడుతుంది. అప్పుడు గోడల దగ్గర పీడనం గరిష్ఠంగా, గది మధ్యలో కనిష్ఠంగా ఉంటుంది. మధ్యలో కుర్చీ వేసుకున్నవారికి ఆ ధ్వని దాదాపు వినపడదు. చాలడం లేదని వారు బేస్ పెంచుతారు. పెరిగినదంతా గోడల దగ్గర పోగవుతుంది. ఇంకా పెద్ద పెట్టె కొన్నా ఇదే జరుగుతుంది.

సరైన చోటు ఎలా కనిపెట్టాలి?

సుమారు 80 హెర్ట్జ్ కంటే తక్కువ ధ్వని ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి సులువుగా గుర్తించలేదు. కాబట్టి సబ్‌వూఫర్ టీవీ పక్కనే ఉండనక్కర్లేదు. ముందుగా దాన్ని మనం కూర్చునే చోట పెట్టి, బేస్ బాగా ఉన్న పాటను తక్కువ ధ్వనితో మోగించాలి. తర్వాత గోడల వెంబడి నెమ్మదిగా జరుగుతూ, నేలకు దగ్గరగా వంగి వినాలి. అన్ని స్వరాలూ సమానంగా, స్పష్టంగా వినిపించిన చోట పెట్టెను ఉంచాలి. ధ్వని పుట్టే చోటును, వినే చోటును తారుమారు చేసినా వాటి మధ్య ప్రసారం మారదు. ఈ పద్ధతి పనిచేసేది ఆ సూత్రం వల్లే.

మూలలో పెడితే మోత ఎక్కువ వస్తుంది, కానీ గది స్థిర తరంగాలన్నీ అక్కడి నుంచి బలంగా రేగుతాయి. తప్పక మూలలోనే పెట్టాల్సి వస్తే గెయిన్ తగ్గించాలి. పక్కింటితో ఉమ్మడిగా ఉన్న గోడకు మాత్రం ఆనించకూడదు. కూర్చునే చోటును గది మధ్య నుంచి రెండడుగులు జరిపినా తేడా తెలుస్తుంది.

మాట వినపడాలంటే

క్రాసోవర్‌ను 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టడం మంచిది. మిగతా స్పీకర్లు బాగా చిన్నవైతే 100 నుంచి 120 వరకు పెంచుకోవచ్చు. ఫేజ్ మీటను 0, 180 డిగ్రీల దగ్గర మార్చి చూసి, కూర్చున్న చోట బేస్ నిండుగా వినిపించే స్థానంలో ఉంచాలి.

ఏళ్ల తరబడి మగ్గాల మోతలో పనిచేసినవారికి సాధారణంగా 4000 హెర్ట్జ్ పరిసరాల్లో వినికిడి ముందుగా దెబ్బతింటుంది. స, శ, త, ప వంటి హల్లుల స్పష్టత ఎక్కువగా ఉండేది హెచ్చు పౌనఃపున్యాల్లోనే. మాట తెలియక వాల్యూమ్ పెంచితే బేస్ కూడా పెరుగుతుంది. బలమైన మంద్ర ధ్వని తనకంటే పై ధ్వనులను కప్పేస్తుంది. కాబట్టి ముందు సబ్‌వూఫర్‌ను తగ్గించి చూడాలి. అప్పటికీ మాటలు తెలియకపోతే వినికిడి పరీక్ష చేయించుకోవాలి.

గోడ ఆపలేనిది

పౌనఃపున్యం సగానికి తగ్గిన ప్రతిసారీ గోడ ధ్వనిని ఆపే శక్తి సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. అందుకే పక్కింటికి మాటలు చేరకపోయినా దడదడ చేరుతుంది. సూరత్‌లో బట్టకు కొదవ లేదు గానీ, తెరలు కడితే ఈ ధ్వని ఆగదు. 40 హెర్ట్జ్ ధ్వనిని బాగా పీల్చుకోవాలంటే ఆ పొర మందం తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు, అంటే రెండు మీటర్లకు పైగా ఉండాలి.

నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ పరిమితిగా 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నిర్దేశించాయి. ఇది ‘ఏ’ తూనిక కొలత. ఈ పద్ధతిలో 50 హెర్ట్జ్ ధ్వని అసలు స్థాయి కంటే 30 డెసిబెల్స్ తక్కువగా నమోదవుతుంది. ఫోన్‌లోని కొలత యాప్‌లో అంకె చిన్నగా కనిపించినంత మాత్రాన పక్కింటివారికి ఇబ్బంది లేదని అనుకోలేం. అమరిక పూర్తయ్యాక ఒకసారి పక్కింట్లో నిలబడి వినడమే నమ్మదగిన పరీక్ష.