చైతన్యానికి క్వాంటం కావాలా?

ఒడిశాలో కొరాపుట్ కొండల్లోని జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారు. 1930లలో విశాఖలో ఆయన పేరుతోనే సైన్సు, టెక్నాలజీ కళాశాల వెలిసింది. కొరాపుట్ కొండల సొమ్ము అలా తెలుగువాళ్ల భౌతికశాస్త్రానికి పునాది అయింది. భౌతికవేత్త సూరి భగవంతం అక్కడ ఆచార్యులుగా పనిచేశారు. హిమాలయాల్లో యోగసాధన చేసి, ఆ తర్వాత యూరప్ వెళ్లి ఎక్స్‌రేల మీద పరిశోధించిన స్వామి జ్ఞానానంద 1950లలో ఆ విశ్వవిద్యాలయంలోనే అణుభౌతికశాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు. 1960లలో కోనేరు రామకృష్ణారావు అక్కడే పరామనోవిజ్ఞానానికి ఒక శాఖ తెరిచి, జీవితమంతా చైతన్యం గురించే ఆలోచించారు.

ఇలాంటి నేల మీద ‘చైతన్యమంటే క్వాంటమే’ అనే మాట తేలిగ్గా చెల్లుబాటవుతుంది. అయితే ఆ మాటను కాస్త నిదానంగా పరీక్షించాలి.

మెదడులోని ప్రతి అణువూ క్వాంటం నియమాల ప్రకారమే నడుస్తుంది. ఆమాటకొస్తే ఉప్పురాయీ అంతే. కాబట్టి అసలు ప్రశ్న అది కాదు. ఒకే కణం ఒకేసారి రెండు స్థితుల్లో ఉండగలదని క్వాంటం సిద్ధాంతం చెబుతుంది. ఆ సున్నితమైన స్థితి, మన ఆలోచనను ప్రభావితం చేసేంతసేపు మెదడులో నిలుస్తుందా? తేలవలసింది ఇదీ.

నిలుస్తుందని బ్రిటన్ గణిత భౌతికవేత్త రోజర్ పెన్రోజ్, అమెరికా మత్తువైద్యుడు స్టువర్ట్ హామెరాఫ్ 1990లలో ప్రతిపాదించారు. నాడీకణాల లోపల మైక్రోట్యూబ్యూల్స్ అనే ప్రోటీన్ గొట్టాలు ఉంటాయి. వాటి మందం సుమారు 25 నానోమీటర్లు. చైతన్యం మొదలయ్యే చోటు అదేనని వాళ్ల వాదన.

2000లో భౌతికవేత్త మాక్స్ టెగ్‌మార్క్ లెక్క వేసి దీన్ని తోసిపుచ్చాడు. మెదడు వెచ్చగా, తడిగా ఉంటుంది. అణువులు ఎడతెరిపి లేకుండా ఢీకొంటుంటాయి. రాయగడ సంతలో చెవిలో చెప్పిన గుసగుసలాగా క్వాంటం స్థితి ఆ సందడిలో కలిసిపోతుంది. అతని లెక్కలో మైక్రోట్యూబ్యూల్‌లో అది నిలిచేది సెకనులో పది లక్షల కోట్లవ వంతు మాత్రమే. నాడీకణం స్పందించడానికేమో సెకనులో వెయ్యో వంతయినా పడుతుంది. ఈ రెంటి మధ్య దూరం చాలా పెద్దది. హామెరాఫ్ బృందం ఆ లెక్కలోని ఊహలను తప్పుపట్టింది గానీ, ఆ దూరాన్ని ప్రయోగంతో పూడ్చినవాళ్లు ఇంతవరకూ లేరు.

అలాగని వెచ్చటి ప్రాణిలో క్వాంటం పని అసాధ్యమని తేల్చేయడమూ తొందరపాటే. యూరప్‌లో రాబిన్ అనే చిన్న వలసపక్షి ఉంది. దాని కంటిలోని క్రిప్టోక్రోమ్ అనే ప్రోటీన్ అయస్కాంత క్షేత్రానికి స్పందిస్తుందని 2021లో ప్రయోగశాలలో చూశారు. దారి తెలుసుకోవడానికి ఆ పక్షి ఎలక్ట్రాన్లకుండే స్పిన్ అనే క్వాంటం లక్షణాన్ని వాడుకుంటుందన్న ఊహకు దీంతో బలం వచ్చింది.

స్పృహ విషయంలో పరీక్షకు నిలిచే చోటు ఆపరేషన్ గది. మత్తుమందు ఇస్తే గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, మెదడు పూర్తిగా ఆగిపోదు, స్పృహ మాత్రం పోతుంది. 2024లో అమెరికాలోని వెల్స్‌లీ కళాశాల పరిశోధకులు, మైక్రోట్యూబ్యూల్స్‌ను గట్టిపరిచే మందును ముందుగా ఎలుకలకు ఇచ్చి, తర్వాత మత్తు ఇచ్చారు. అవి స్పృహ కోల్పోవడానికి నిమిషానికి పైగా ఎక్కువ పట్టింది. మత్తులో ఆ గొట్టాల పాత్ర ఏదో ఉందని దీన్నిబట్టి అనుకోవచ్చు. కానీ ఆ పాత్ర క్వాంటందేనని ఆ ప్రయోగం చూపలేదు. ఈ తేడాను చెరిపేసి రాసే వార్తలు పాఠకుడికి అన్యాయం చేస్తున్నాయి.

నాకు అంతకన్నా ఆసక్తి కలిగించింది 2018లో చైనా పరిశోధకులు చిన్న ఎలుకల మీద చేసిన పని. జినాన్ వాయువు మత్తు కలిగిస్తుంది. అందులో నాలుగు ఐసోటోపులను, అంటే వేర్వేరు బరువులున్న పరమాణు రకాలను, విడివిడిగా వాడి చూశారు. రసాయనికంగా నాలుగూ ఒకటే. కేంద్రకంలో స్పిన్ ఉన్నవి 129, 131 రకాలు, లేనివి 132, 134 రకాలు. స్పిన్ ఉన్న రెండూ తక్కువ మత్తు ఇచ్చాయి. రసాయనశాస్త్రం ఒక్కటే దీన్ని సులువుగా వివరించలేదు. వేరే ప్రయోగశాలలు, వేరే ప్రాణుల మీద ఇదే ఫలితాన్ని మళ్లీ రాబట్టగలిగితే, అప్పుడు పెన్రోజ్ కాకపోయినా మరెవరో చెప్పే క్వాంటం వివరణను గంభీరంగా వినాల్సి వస్తుంది.