ఆసుపత్రిలో గౌరవం: ఆదివాసీ వైద్యంలో అదీ ఒక మందే



భద్రాచలం దాటి ఉత్తరంగా వెళితే, తెలంగాణ సరిహద్దుకు ఆవల, ఛత్తీస్‌గఢ్‌లోని సుకుమా జిల్లాలో మరైగూడ అనే ఊరు ఉంది. అది దక్షిణ బస్తర్ ప్రాంతం. అక్కడ ఇళ్ళలో కోయ మాట, సంతలో తెలుగు, కార్యాలయాల్లో హిందీ వినిపిస్తాయి. జబ్బు ముదిరితే సరిహద్దు దాటి భద్రాచలం వైపు రావడం ఈ ప్రాంతపు గ్రామాల వారికి అలవాటే.

ఒక సన్నివేశం ఊహించండి. జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకొని ఒక కోయ తల్లి ఏదో ఒక ఆసుపత్రికి వచ్చింది. ముందు వరుసలో ఉన్న పట్నపు స్త్రీని "ఏమ్మా, ఏమైంది?" అని అడిగిన ఉద్యోగి, ఈమె వంతు రాగానే "ఏమే, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావ్?" అన్నాడు. ఆమె బదులు చెప్పలేదు. "వీళ్ళకు ఏం చెప్పినా అర్థం కాదు" అని పక్కవాడితో అన్నాడు. బిడ్డకు మందు దొరికింది. కానీ ఆ తల్లి వచ్చేసారి ఎప్పుడు వస్తుంది? మన పాఠం ఈ ప్రశ్నతోనే మొదలవుతుంది.

ఆలస్యం ఎక్కడ పుడుతుంది?

ప్రసూతి మరణాలను పరిశీలించిన థాడియస్, మెయిన్ అనే పరిశోధకులు 1994లో "మూడు ఆలస్యాలు" అనే నమూనాను వివరించారు. వైద్యానికి వెళ్ళాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం మొదటిది. ఆసుపత్రికి చేరడంలో ఆలస్యం రెండవది. చేరిన తరువాత సరైన వైద్యం అందడంలో ఆలస్యం మూడవది. రోడ్డు, వాహనం రెండవ దానిని తగ్గిస్తాయి. కాని అవమానం మొదటి దానిలోనూ, మూడవ దానిలోనూ పనిచేస్తుంది. "వెళితే తిడతారు" అన్న భయం ఇంటి దగ్గర ఒక రోజును మింగేస్తుంది. "వీళ్ళు ఇంతే" అన్న తీర్మానం ఆసుపత్రిలో మరికొన్ని గంటలను మింగేస్తుంది.

ఒక రోజు ఆలస్యమైతే ఏమవుతుంది? బస్తర్‌లో ఎక్కువగా కనిపించే ఫాల్సిపేరమ్ మలేరియానే తీసుకోండి. ఈ పరాన్నజీవి ఎర్ర రక్తకణంలో చేరి సుమారు 48 గంటల్లో ఎన్నో రెట్లు పెరిగి, కణాన్ని చీల్చుకొని బయటపడుతుంది. అది చేరిన కణాలు సన్నని రక్తనాళాల గోడలకు అతుక్కుంటాయి. మెదడులో అలా జరిగితే మూర్ఛ, అపస్మారకం, మరణం. మందు పడకపోతే 24 గంటలలోపే జబ్బు తీవ్రరూపం దాల్చవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తున్నది. కనుక ఆ తల్లి వెనుకాడిన ఒక్క రోజు బిడ్డ రక్తంలో లెక్కకు వస్తుంది. ఇక్కడ మర్యాద అనేది కేవలం సంస్కారానికి సంబంధించిన విషయం కాదు, జీవశాస్త్రానికి సంబంధించినది కూడా.

అంకెలు ఏమంటున్నాయి?

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో షెడ్యూల్డు తెగల వారు సుమారు 10.4 కోట్లు, అంటే జనాభాలో 8.6 శాతం. డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల సంఘం 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం, దేశంలోని మలేరియా మరణాలలో దాదాపు సగం వీరిలోనే సంభవిస్తున్నాయి. మైదానాల్లో 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలని నియమం ఉంటే, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికే ఒకటి ఉండాలి. నియమం మంచిదే. అయితే భవనం కట్టినంత మాత్రాన నమ్మకం ఏర్పడదు.

తీర్మానాలు ఎలా దారి తప్పిస్తాయి?

2008 సెప్టెంబరులో కెనడాలోని విన్నిపెగ్ నగరంలో ఒక ఆదివాసీ వ్యక్తి చక్రాల కుర్చీలో అత్యవసర విభాగానికి వచ్చాడు. అతనికి ఉన్నది నయం చేయదగిన మూత్రాశయ ఇన్‌ఫెక్షన్. 34 గంటలు అక్కడే కూర్చుని, వైద్యం అందకుండానే చనిపోయాడు. తాగి వచ్చాడనో, తలదాచుకోవడానికి వచ్చాడనో సిబ్బందిలో కొందరు అనుకున్నారు. అది మూడవ ఆలస్యం.

మన దగ్గర సికిల్ సెల్ రక్తహీనత సంగతి చూడండి. ఇందులో ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి వంగి, రక్తనాళాలకు అడ్డుపడి, ఎముకల్లో భరించరాని నొప్పి పుట్టిస్తాయి. పైకి గాయం కనబడదు. "నటిస్తున్నాడు" అనుకుంటే జబ్బు దొరకదు. మన దేశంలో ఈ లక్షణాన్ని 1952లో నీలగిరి గిరిజనులలో గుర్తించారు. అయితే ఇది "గిరిజనుల జబ్బు" కాదు. తల్లిదండ్రులలో ఒక్కరి నుంచే ఈ జన్యువును పొందినవారికి ఫాల్సిపేరమ్ మలేరియా నుంచి కొంత రక్షణ లభిస్తుంది. అందుకే మలేరియా తరతరాలుగా ఉన్న ఆఫ్రికాలోనూ, అరేబియాలోనూ, గ్రీసులోనూ ఇది కనబడుతుంది. జన్యువు జాతిని చూసి రాలేదు, దోమను చూసి నిలిచింది.

"సాంస్కృతిక భద్రత" అంటే ఏమిటి?

ఈ భావనను న్యూజిలాండ్‌కు చెందిన మావోరీ నర్సు ఇరిహాపేటి రామ్స్‌డెన్ రూపొందించారు. 1990ల తొలినాళ్ళలో అక్కడి నర్సింగ్ విద్యలో దీనిని చేర్చారు. ఆమె చెప్పినదాని సారం రెండు మాటలు. మొదటిది: నర్సు నేర్చుకోవలసింది మావోరీల పండుగల జాబితాను కాదు, తన అధికారం, తన అలవాట్లు, తన దురభిప్రాయాలు రోగి మీద ఎలా పనిచేస్తున్నాయో నేర్చుకోవాలి. రెండవది: వైద్యం భద్రంగా ఉన్నదో లేదో చెప్పవలసింది రోగి, ఆసుపత్రి కాదు.

అందువల్ల ఇలాంటి శిక్షణను ఆ సమాజపు మనుషులే ముందుండి నడపాలి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఆదివాసీల నాయకత్వంలో "సాన్‌యాస్" అనే శిక్షణ ఇలాగే నడుస్తున్నది.

మన పొరుగున ఒక పాఠం

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా బస్తర్‌కు పొరుగునే ఉంది. 1980లలో అక్కడకు వెళ్ళిన డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు గోండులను ఒక ప్రశ్న అడిగారు: "మీరు ఆసుపత్రికి ఎందుకు రారు?" పెద్ద కట్టడాలంటే భయమని, తెల్ల కోటు చూస్తే శవానికి కప్పే తెల్లబట్ట గుర్తుకు వస్తుందని, బంధువులను దగ్గర ఉండనివ్వరని వారు చెప్పారు. అప్పుడు ఆసుపత్రిని గోండు పల్లెలా గుడిసెలతో కట్టారు. బంధువులు రోగితో ఉండేలా ఏర్పాటు చేశారు. గోండులు కోరినట్లే దానికి దంతేశ్వరీ దేవి పేరు పెట్టారు. ఊరి స్త్రీలకే శిక్షణ ఇచ్చి ఇంటివద్దే శిశువులను కాపాడే పద్ధతి వల్ల నవజాత శిశు మరణాలు సుమారు 62 శాతం తగ్గాయని 1999లో 'లాన్సెట్' పత్రికలో ప్రచురించారు. అడగడం, విన్నది చేయడం, ఫలితం కొలవడం: విజ్ఞానశాస్త్ర పద్ధతి అంటే ఇదే కదా!

బస్తర్‌లో 2020 జనవరిలో మొదలైన మలేరియా నిర్మూలన ఉద్యమంలో సిబ్బంది రోగి కోసం ఎదురుచూడకుండా ఇంటింటికీ వెళ్ళి పరీక్షలు చేశారు. మలేరియా ఉన్నట్లు తేలినవారిలో సగానికి పైగా జ్వరం లేనివారే. జ్వరం లేనివాడు వేలిని సూదికి ఎందుకు ఇస్తాడు? అడిగినవారి మీద నమ్మకం ఉంటేనే ఇస్తాడు.

శిక్షణలో ఏమి నేర్పాలి?

మొదట, పిలుపు. అందరినీ పిలిచినట్లే "అమ్మా", "అయ్యా" అని పిలవాలి. రెండవది, భాష. కోయ మాట తెలిసిన కార్యకర్త ప్రతి పూటా అందుబాటులో ఉండాలి; రోగి పక్కనున్న చిన్నపిల్లవాడితో అనువాదం చేయించకూడదు. మూడవది, మందు చెప్పే తీరు. ఫాల్సిపేరమ్ మలేరియా మాత్రలు మూడు రోజులు వాడాలి. "ఎనిమిది గంటలకు" అనడం కన్నా "పొద్దున జావ తాగాక" అంటే బాగా గుర్తుంటుంది. జ్వరం తగ్గినా ఎందుకు ఆపకూడదో కూడా చెప్పాలి. నాలుగవది, ఊరి వడ్డెను వెక్కిరించకుండా, "జ్వరం అయితే వెంటనే మా దగ్గరకూ పంపండి" అని కోరడం. చివరిది, ఫిర్యాదు. అవమానం జరిగితే చెప్పుకోవడానికి ఒక చోటు ఉండాలి, చెప్పినవారికి జవాబు రావాలి.

మీలో కొందరు రేపు డాక్టర్లు, నర్సులు, ప్రయోగశాల నిపుణులు అవుతారు. బిడ్డను ఎత్తుకొచ్చిన ఆ తల్లి అప్పుడు మీ బల్ల ముందు నిలబడుతుంది. మీ మొదటి మాట ఏమిటో ఇప్పుడే ఆలోచించండి. తరువాతి జ్వరానికి ఆమె మొదటి రోజే వస్తుందో, నాలుగవ రోజు వస్తుందో ఆ మాట మీదే ఆధారపడి ఉంటుంది.