గోడలోని తీగకు కాపలా

ఇంటి కరెంటు పెట్టెలో వరసగా కనిపించే చిన్న మీటలే ఎంసీబీలు (కరెంటు హద్దు దాటితే తమంతట తాము పడిపోయే మీటలు). ఏసీ కొన్నప్పుడో, గీజరు పెట్టించినప్పుడో కొత్తది ఒకటి బిగించాల్సి వస్తుంది. ఎన్ని ఆంపియర్లది (ఆంపియరు: తీగలో పారే కరెంటుకు కొలత) వెయ్యాలో తేల్చేముందు, గోడలోని తీగ ఎంత లావుదో తెలుసుకోవాలి. ఎందుకంటే ఎంసీబీ ముఖ్యంగా కాపాడేది ఆ తీగనే.

కరెంటు పారితే రాగి తీగ వేడెక్కుతుంది. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలవుతుంది. తీగ మీది తొడుగు ముందు మెత్తబడుతుంది, తర్వాత మాడుతుంది, చివరకు అంటుకోవచ్చు. ఇదంతా గోడ లోపల జరుగుతుంది కనుక మనకు కనపడదు.

దీన్ని ఆపడానికి ఎంసీబీలో రెండు ఏర్పాట్లున్నాయి. మొదటిది జంట లోహాల పట్టీ. భారం కొద్దిగా మించితే అది మెల్లగా వేడెక్కి, వంగి, కాసేపటికి మీటను పడేస్తుంది. రెండోది తీగచుట్ట. ఫేజు (కరెంటు తెచ్చే తీగ), న్యూట్రల్ (తిరిగి తీసుకెళ్లే తీగ) నేరుగా తాకితే అది అయస్కాంతమై రెప్పపాటులో పడేస్తుంది. సి రకం ఎంసీబీలో ఈ చుట్ట పనిచేయాలంటే కరెంటు ఆ ఎంసీబీ ఆంపియర్లకు 5 నుంచి 10 రెట్లు కావాలి. అందుకే ఏసీ మోటారు మొదలైనప్పుడు క్షణకాలం ఎక్కువ లాగినా అది పడదు.

మన ఇళ్లలో సాధారణంగా 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగకు 6 లేదా 10 ఆంపియర్లు, 2.5కు 16, 4కు 20 వేస్తారు. ఇప్పుడు ఒక పాత ఇల్లు తీసుకుందాం. 1.5 తీగ మీదే 2000 వాట్ల గీజరు, 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ నడుస్తున్నాయి. రెండూ కలిసి 17 ఆంపియర్లు లాగుతాయి. 10 ఆంపియర్ల ఎంసీబీ మాటిమాటికీ పడుతుంది. విసుగెత్తి 32 ఆంపియర్లది వేయిస్తారు. ఇక పడదు. తీగ మాత్రం అదే సన్నది, రోజూ కాగుతూనే ఉంటుంది. పాత రోజుల్లో ఫ్యూజులో లావు రాగి తీగ చుట్టినంత ప్రమాదం ఇది. సరైన మార్గం గీజరుకు విడిగా లావు తీగ లాగించడమే. ఖర్చైనా తప్పదు.

బిగించే పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కే వదలండి. మెయిన్ స్విచ్ ఆపినా మీటరు నుంచి దాని దాకా వచ్చే తీగలో కరెంటు ఉంటుంది. ఇన్వర్టరు ఉంటే దాన్నీ ఆపాలి, లేకపోతే కొన్ని లైన్లలో కరెంటు నిలిచే ఉంటుంది. ఎంసీబీ గుండా వెళ్లాల్సింది ఫేజు. స్క్రూ వదులైతే ఆ అతుకే కాగుతుంది, ఆ వేడిని ఎంసీబీ గుర్తిస్తుందన్న భరోసా లేదు.

మనిషికి షాక్ తగిలితే ఎంసీబీ కాపాడదు. కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లే ప్రాణం తీయగలవు, ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. అందుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సరిపోలకపోతే ఆపేది) వేరుగా ఉండాలి. దాని మీద 'టి' అనే బొత్తాం ఉంటుంది. కరెంటు ఉన్నప్పుడు అప్పుడప్పుడూ నొక్కి చూడండి. పడకపోతే వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి.