పిల్లికూనకూ కావాలి పెంపకం!

‘పిల్లికి బుద్ధులు నేర్పడమేమిటి, చోద్యం కాకపోతే!’ అంటారు చాలామంది. కుక్కయితే చెప్పిన మాట వింటుంది, పిల్లిది ఇష్టారాజ్యం... ఇదీ మన అభిప్రాయం. నిజానికి పిల్లి బాగానే నేర్చుకుంటుంది. కాకపోతే మనం నేర్పాలనుకున్నది కాదు, మనకు తెలియకుండా నేర్పుతున్నది నేర్చుకుంటుంది. చిక్కంతా అక్కడే!

మాది లక్డీకాపూల్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. సెల్లార్‌లో పిల్లలు పెట్టిన పిల్లి ఏమైందో ఏమో కనిపించకుండా పోతే, మిగిలిన ఒక్క కూననూ వాచ్‌మన్ భార్య తెచ్చి మా చేతిలో పెట్టింది. రెండు నెలలుంటాయి దానికి. మావాడు ‘చిట్టి’ అని పేరు కూడా పెట్టేశాడు. మా అత్తగారు మాత్రం “నెల రోజులు చూస్తాను. ఈలోగా దారికి రాకపోతే గోనెసంచిలో వేసి ఊరవతల వదిలించడమే” అని తీర్పు చెప్పేశారు. ఆవిడ భయాలు ఆవిడవి. పూజ దగ్గర దీపం, గట్టుమీద పాలగిన్నె, ఇంట్లో చిన్నపిల్లాడు! అయితే పెంచుకుంటున్న జంతువును సరైన కారణం లేకుండా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. అదీగాక, తల్లి దగ్గర వేట నేర్వని కూన వీధికుక్కల మధ్య ఎన్నాళ్ళు బతుకుతుంది చెప్పండి? అందుకే ఆ నెల మా ఇల్లే బడి అయింది.

కొడితే వచ్చేది భయమే

తెనాలి రామలింగడి పిల్లి కథ అందరికీ తెలిసిందే. మొదటిరోజే సలసల కాగే పాలు పెడితే నోరు కాలి, ఆ తర్వాత పాలగిన్నె చూస్తేనే పరుగు తీసిందట! నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ పిల్లి నేర్చుకున్నది భయం ఒక్కటే. చీపురు తిరగేసి ఒక్కటిస్తే ‘సోఫా గీరకూడదు’ అని దానికి అర్థం కాదు. ‘ఈవిడకు దూరంగా ఉండాలి’ అని అర్థమవుతుంది. మనం పక్కగదిలోకి వెళ్ళగానే మళ్ళీ గీరుతుంది.

టీచర్ ట్రైనింగ్ అయినవాళ్ళు థార్న్‌డైక్ పేరు చదివే ఉంటారు. ఆ అమెరికన్ శాస్త్రవేత్త ఆకలిగా ఉన్న పిల్లుల్ని పెట్టెల్లో ఉంచి, బయట తిండి పెట్టి చూశాడు. 1898లో ఆ ఫలితాలు వెలువరించాడు. మొదట గీరి, కరిచి నానా హైరానా పడిన పిల్లులు అనుకోకుండా తాడు లాగితే తలుపు తెరుచుకునేది. రానురానూ మిగతావన్నీ మానేసి నేరుగా తాడే లాగసాగాయి. అంటే లాభం వచ్చిన పని నిలుస్తుంది, రానిది పోతుంది. మన వంటింట్లోనూ ఇదే సూత్రం!

ఇసుక చూపిస్తే చాలు

మలవిసర్జన చేసి మట్టి కప్పెట్టడం పిల్లికి పుట్టుకతో వచ్చిన గుణం. మనం చోటు చూపించాలి, అంతే. లోతు తక్కువున్న ప్లాస్టిక్ బేసిన్‌లో నాలుగు వేళ్ళ మందాన ఇసుక పోసి బాల్కనీ మూలన పెట్టాం. నిద్ర లేవగానే, తిన్న వెంటనే తీసుకెళ్ళి అందులో నిలబెట్టేవాళ్ళం. నాలుగో రోజుకల్లా తనంతట తానే వెళ్ళసాగింది. తిండిగిన్నెకు దగ్గర్లో మాత్రం బేసిన్ పెట్టకండి, అటువైపు పోదు. బాల్కనీకి ముందుగా వల కట్టించడం తప్పనిసరి.

ఇంట్లో ఎక్కడైనా తప్పు చేస్తే ముక్కు పట్టి అందులో రుద్దకండి. సబ్బునీళ్ళతో వాసన పోయేలా కడగండి, వాసనుంటే మళ్ళీ అక్కడికే వస్తుంది. ఫినాయిల్ వద్దు, అది పిల్లులకు విషం. గర్భిణులు ఉన్న ఇంట్లో ఇసుక ఎత్తే పని ఇంకెవరైనా చేయాలి. పిల్లి మలం ద్వారా వచ్చే టాక్సోప్లాస్మా అనే క్రిమి కడుపులో బిడ్డకు చేటు. అది అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది కాబట్టి ఏ రోజుకారోజు ఎత్తేయాలి.

గట్టు కాదు, స్టూలు

పిల్లికి ఎత్తు ఇష్టం. గట్టు మీంచి వందసార్లు దించినా నూటొకటోసారి ఎక్కుతుంది, అక్కడ చేపముక్క ఉంటే మరీనూ! గట్టుమీద మూత లేని గిన్నె ఉండకూడదన్నది మా మొదటి నియమం. కిటికీ పక్కన ఎత్తుగా స్టూలు వేసి, చిట్టి అక్కడ కూర్చున్నప్పుడల్లా ఉడికించిన కోడిమాంసం చిన్న తునక పెట్టాం. గట్టెక్కితే అరుపులు లేవు, చప్పుడు చేయకుండా దించేయడమే. పూజ అరకు జాలీ తలుపు పెట్టించాం. దీపం దగ్గర శిక్షణను నమ్ముకోకూడదు.

భోజనాల దగ్గర మావారు పళ్ళెంలోంచి దానికి పెట్టబోతే ఆపింది ఎవరనుకున్నారు? మా అత్తగారే! “ఒకరు వద్దని ఒకరు పెడితే అదెలా నేర్చుకుంటుందిరా?” అన్నారు. పదిమంది పది రకాలుగా చెబితే పిల్లలే వినరు, పిల్లి వింటుందా? అన్నట్టు, ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరలు దానికి పడవు. పారాసెటమాల్ మాత్ర అయితే ప్రాణమే తీస్తుంది.

గోళ్ళకు గోనె

గోళ్ళు గీరడం అల్లరి కాదు, అవసరం. పాత పొర ఊడి కొత్తగోరు బయటపడేది అలాగే. మాన్పించలేం, చోటు మార్చగలం. ఆవిడ దాచి ఉంచిన గోనెసంచినే మావారు చెక్కకు బిగించి సోఫా పక్కన నిలబెట్టారు. ఊరవతలకు పోవాల్సిన సంచి అలా గోళ్ళపాలైంది!

చేత్తో ఆటలొద్దు

చిన్న కూన వేలు కొరుకుతుంటే ముద్దుగానే ఉంటుంది. ఆరు నెలలకు అదే రక్తం కళ్ళజూస్తుంది. కర్రకు పాత చీర అంచు కట్టి దాంతో ఆడించండి. ఆట కాగానే తీసి దాచేయండి, పోగులు మింగితే పేగులకు ప్రమాదం. పళ్ళు తగిలితే ఆట అక్కడితో సరి. రాత్రి ఆడించాక తిండి పెడితే హాయిగా నిద్రపోతుంది. తెల్లవారుజామున అరిచిందని లేచి పెట్టారా, మర్నాడు ఇంకాస్త ముందే లేపుతుంది!

కరిచినా, రక్కినా పసుపూ కారం పెట్టి ఊరుకోవద్దు. ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే వైద్యుడికి చూపించాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. మన నగరంలో నారాయణగూడ ఐపీఎంలో ఈ టీకా వేస్తారు. పిల్లికి కూడా మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, ఆపైన పశువైద్యుడు చెప్పిన గడువుకల్లా మళ్ళీ వేయించాలి. అయిదో నెలలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే మగపిల్లి గోడలమీద చిమ్మడం, ఆడపిల్లి రాత్రుళ్ళు అరవడం బాగా తగ్గుతాయి. సెల్లార్లలో దిక్కులేని కూనలూ తగ్గుతాయి.

పిల్లిని పెంచుకోవాలని పిల్లలు మారాం చేస్తున్నారా? అయితే ముందు ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని ‘ఇది సరే, ఇది కూడదు’ అని మాటనుకోండి. ఆ మాట మీద మీరు నిలబడితే, కూన దానంతటదే దారికొస్తుంది.